సాదా తలుపు - సొగసు

పాఠ్యభాగ ఉద్దేశం: నిత్యం కంటి ముందు ఉంటూ కంటికి ఆనని వస్తువులను నిలిచి చూసే అలవాటును విద్యార్థులలో పెంపొందించడం, స్వల్ప వ్యయంతో ఒక సాదా అలమర తలుపును తీర్చిదిద్దే విధానాన్ని రాయలసీమ గృహనిర్మాణ, హస్తకళా సంప్రదాయాల నేపథ్యంలో వివరించడం ఈ పాఠ్యభాగ ఉద్దేశం.

పాఠ్యభాగం

'ఇల్లు కట్టి చూడు, పెళ్ళి చేసి చూడు' అని లోకోక్తి. ఆ మాటలోని బరువు గోడలు లేచేటప్పటికంటె తలుపులు పెట్టేటప్పుడు గృహస్థుకు ఎక్కువగా తెలుస్తుంది. పునాదికి కొంత, గోడలకు కొంత, పైకప్పుకు మరికొంత పోగా చేతిలో మిగిలిన డబ్బుతో సింహద్వారానికి మంచి కలప తెచ్చి, గడపకు పసుపు రాసి, మామిడాకు తోరణం కట్టి గృహప్రవేశం చేస్తారు. అప్పటికి లోపలి గదులలోని గోడ అలమరలకు తలుపులు ఉండవు. 'వచ్చే సంవత్సరం చూద్దాం' అనుకుంటారు. ఆ సంవత్సరం వానలు రావు. వేరుశనగ పంట చేతికి అందదు. పాత చీరను చించి కట్టిన తెర ఆ అలమరకు ఏళ్ళ తరబడి తలుపుగా నిలిచిపోతుంది. తెర తొలగించి తలుపు పెట్టగలిగిన రోజున కూడా అది నాలుగు మూలలు గల ఒక ప్లైవుడ్ ముక్కయే తప్ప మరొకటి కాదు. అందులో చూడదగినది ఏదీ ఉండదు. అయితే ఆ ముక్కను చూడదగినదిగా మార్చడానికి కావలసినది ధనమా, దృష్టియా అనేదే ఇక్కడ ఆలోచించవలసిన విషయం.

కడప, కర్నూలు సీమలలోని పాత ఇళ్ళలో గోడ అలమర ఎలా పుట్టిందో ముందుగా గమనించాలి. ఎండ తీవ్రంగా ఉండి వర్షం తక్కువగా కురిసే ఈ ప్రాంతంలో మట్టితోను, రాతితోను కట్టిన మిద్దె ఇల్లు ప్రజల అనుభవం నుంచి రూపుదిద్దుకొన్నది. వేడి లోపలికి చొరకుండా గోడలను మందంగా కట్టేవారు. అంత మందమైన గోడ ఉన్నప్పుడు దానిలోనే చిన్న ఖాళీ వదిలితే వస్తువులు పెట్టుకొనే చోటు దొరుకుతుంది. అదే గూడు. దీపానికి ఒక గూడు, దేవునికి ఒక గూడు, ఉప్పు కారాలకు ఒక గూడు. వీటిలో కొన్నింటికి మాత్రమే తలుపులు ఉండేవి. దాచవలసిన నగలూ పత్రాలూ భోషాణంలో ఉండేవి కనుక గూటికి తలుపు తప్పనిసరి కాలేదు.

గూడు పెరిగి అలమర అయినప్పుడు దానికి అరలు కావలసి వచ్చాయి. ఇక్కడ ఈ నేల ఒక గొప్ప సాయం చేసింది. భూగర్భ శాస్త్రవేత్తలు కడప శిలాసముదాయం అని పిలిచే, నూరు కోట్ల సంవత్సరాలకు పైబడిన రాళ్ళు ఈ సీమ అంతటా పరచుకొని ఉన్నాయి. ఈ సీమలోని సున్నపురాయి పొరలు పొరలుగా విడివడుతుంది. చేతి ఉలితో తట్టితే చదునైన బండగా లేచి వస్తుంది. నల్లని కడప బండ, నేడు నంద్యాల జిల్లాలో ఉన్న బేతంచెర్ల బండ ఇలాంటివే. కడప బండకు చెద పట్టదు, అది వంగదు, నీటికి ఉబ్బదు. దానిని గోడలోకి దూర్చి కట్టితే తరతరాలు నిలిచే అర తయారవుతుంది. ఈ బండ దూర ప్రాంతాలకు కూడా వెళ్ళింది. మహారాష్ట్రలో వంటగట్టుకు వాడే నల్లరాతిని నేటికీ 'కడప్పా' అనే అంటారు. ఒక ఊరి పేరు పరాయి సీమలో ఒక రాతి పేరైంది! ఇంతకూ కడప అనే పేరుకే 'గడప' మూలమని, తిరుమలేశుని దర్శనానికి వెళ్ళేవారికి ఈ ఊరు గడప వంటిదని జనశ్రుతి. గడప పేరు పెట్టుకొన్న సీమలో తలుపును గురించి మాట్లాడుకోవడం అసందర్భం కాదు.

అరలు రాతివి కావడం వల్ల అలమరకు ఖర్చంతా తలుపు దగ్గరే వస్తుంది. నల్లమల అడవులలో టేకు, వేగిస, నల్లమద్ది వంటి మేలైన చెట్లు ఉన్నా, పల్లెలోని సామాన్యునికి చేతికందే కలప పెరటి వేప, పొలం గట్టు మీది తుమ్మ. ఎర్రచందనం ఈ కొండలలోనే పెరుగుతున్నా దానిని అనుమతి లేకుండా నరకడం చట్టరీత్యా నేరం. కాబట్టి చెక్కడపు పనితో అలంకరించిన టేకు తలుపు ఇక్కడ ఎన్నడూ అందరిదీ కాదు. కొద్దిమంది ఇళ్ళ ముంగిళ్ళలోనే అది కనిపించేది. మిగిలిన వారు ఏం చేశారు? ఆ ప్రశ్నకు సమాధానం వెతికితే తలుపు అందానికి సంబంధించిన అసలు సూత్రాలు దొరుకుతాయి.

పాతకాలపు పలకల తలుపును ఒకసారి జ్ఞాపకం చేసుకోవాలి. చుట్టూ మందమైన కమ్మెలతో చట్రం, మధ్యలో పలుచని పలకలు. చూడటానికి అది అలంకారంగా తోస్తుంది. నిజానికి అది అవసరం నుంచి పుట్టినది. కొయ్య కోసిన తరువాత కూడా ప్రాణం ఉన్నదానివలె కదులుతూనే ఉంటుంది. మే నెల ఎండకు అడ్డంగా కుంచించుకొంటుంది. ముసురు పట్టినప్పుడు గాలిలోని తేమను పీల్చి ఉబ్బుతుంది. నిలువునా దాదాపు మార్పు ఉండదు. ఒకే వెడల్పు పలకతో తలుపు చేస్తే వేసవిలో పగులుతుంది, వానకాలంలో ద్వారబంధంలో బిగుసుకొంటుంది. పలకను చట్రంలోని గాడిలో జిగురు లేకుండా వదులుగా నిలిపితే, అది గాడిలోనే కుంచించుకొంటుంది, గాడిలోనే ఉబ్బుతుంది; తలుపు కొలత మాత్రం మారదు. వడ్రంగి కనిపెట్టిన ఈ ఉపాయం వల్ల తలుపు మీద వెలుగునీడల గీతలు ఏర్పడ్డాయి. ఆ గీతలకు అలవాటుపడిన కన్ను వాటినే అందం అన్నది.

గండికోటలో మరొక ఉదాహరణ ఉన్నది. పెన్నానది లోయ అంచున, జమ్మలమడుగుకు సమీపంలో ఉన్న ఆ కోట ప్రధాన ద్వారానికి కొయ్య తలుపులు ఉన్నాయి. వాటి మీద ఇనుప రేకులు తాపడం చేసి ఇనుప ముళ్ళు బిగించారు. ఏనుగులనూ శత్రువులనూ నిలువరించడానికి అమర్చిన ఆ ముళ్ళు వరుస తప్పకుండా ఉన్నాయి కనుకనే నేడు యాత్రికుడు ఆగి వాటిని చూస్తాడు. పెద్దింటి భోషాణాల మీద కొట్టిన ఇత్తడి పువ్వు మేకులలోనూ కనిపించేది ఆ వరుసయే. ప్లైవుడ్ ఇలా కదలదు. దాని పొరలను ఒకదానికొకటి అడ్డంగా అతికిస్తారు కనుక దానికి చట్రమూ అక్కరలేదు, పలకా అక్కరలేదు. అవసరం తీరిపోవడంతో గీతలు పోయాయి, వరుసలు పోయాయి. తలుపు మూగదైంది. దానిని తిరిగి పలికించాలంటే పోయిన గీతలను దాని మీద మళ్ళీ పెట్టాలి. ఇది చాలా చౌకగా సాధ్యమయ్యే పని.

సన్నని కొయ్యపట్టీలను వడ్రంగులు బీడింగు అంటారు. ఒక అలమర తలుపు రెక్క 2 అడుగుల వెడల్పు, 4 అడుగుల ఎత్తు ఉన్నదనుకొందాం. అంటే 24 అంగుళాలు, 48 అంగుళాలు. అంచుల నుంచి అన్ని వైపులా 3 అంగుళాలు వదిలి లోపల ఒక దీర్ఘచతురస్రం గీస్తే అది 18 అంగుళాల వెడల్పు, 42 అంగుళాల ఎత్తు ఉంటుంది. దాని చుట్టుకొలత 120 అంగుళాలు. సరిగా 10 అడుగుల పట్టీ సరిపోతుంది. దానినే రెండు భాగాలు చేసి, నడుమ 3 అంగుళాలు విడిచి, పై గడిని 15 అంగుళాల ఎత్తుతోను, కింది గడిని 24 అంగుళాల ఎత్తుతోను గీస్తే మొత్తం 150 అంగుళాలు, అనగా పన్నెండున్నర అడుగులు కావాలి. కోతలో పోయే తరుగుతో కలిపి 14 అడుగులు తెచ్చుకొంటే చాలు. రెండు గడులూ సమానంగా ఉండటం కంటె పైది చిన్నదిగా, కిందిది పెద్దదిగా ఉన్నప్పుడు తలుపు నిలబడినట్లు కనిపిస్తుంది. కిందిది చిన్నదైతే తలకిందులైనట్లు తోస్తుంది. ఇందుకు పెద్ద శాస్త్రం అక్కరలేదు. కాగితపు పట్టీలను తలుపు మీద తాత్కాలికంగా అంటించి, నాలుగడుగులు వెనుకకు వెళ్ళి చూస్తే కన్నే చెబుతుంది.

మూలలలో పట్టీలను 45 డిగ్రీల కోణంలో కోసి కలపాలి. అక్కడ నూలుపోగంత సందు మిగిలినా రంగు వేసిన తరువాత అది పెద్దదై కనిపిస్తుంది. తలుపు మొత్తంలో నైపుణ్యం కావలసిన చోటు ఇదొక్కటే. కోణపు కోత చేతకానివారు ఆ నాలుగు మూలలకు మాత్రం వడ్రంగి సాయం తీసుకోవడం మేలు. పనివానికి ఒక పూట కూలి ఇచ్చినట్లవుతుంది, తలుపు పాడుకాకుండా మిగులుతుంది. ఈ సీమలో ఉలి పట్టిన చేతికి గౌరవం తక్కువేమీ కాదు. కాలజ్ఞానకర్తగా ప్రసిద్ధుడైన పోతులూరి వీరబ్రహ్మేంద్రస్వామి కడప సీమలోని కందిమల్లాయపల్లెలో వడ్రంగం చేస్తూ జీవించాడని చెప్పుకొంటారు.

పట్టీలతో గీతలు వచ్చాయి. గడి లోపలి భాగం మాత్రం ఇంకా ఖాళీగానే ఉన్నది. చాలామందికి అది ఖాళీగా ఉండటమే బాగుంటుంది. అక్కడ ఒక పువ్వో తీగో ఉండాలనుకొనేవారికి చెక్కడపు పని అందుబాటులో ఉండదు. కర్నూలు సీమ కళాకారులు ఇందుకు ఒక మార్గాన్ని ఎప్పుడో చూపించారు. చెక్కడం అంటే కొయ్యను తొలగించి ఆకృతిని మిగల్చడం. వారు దీనికి విపరీతమైన పని చేశారు. కొయ్యను ముట్టుకోకుండా దాని మీద ముద్దతో ఆకృతిని ఉబ్బెత్తుగా నిలిపి, రంగులతోను మెరుపు రేకులతోను అలంకరించారు. కర్నూలు, నంద్యాల, నొస్సం ఈ లక్కపనికి పేరు పొందిన ఊళ్ళు. 1902 డిసెంబరు చివర ఢిల్లీలో దర్బారు సందర్భంగా భారతీయ కళాప్రదర్శన ప్రారంభమైంది. దానికి సంబంధించి 1903లో వెలువడిన బృహద్గ్రంథాన్ని జార్జి వాట్ కూర్చాడు. దేశంలోని నలుమూలల కళావస్తువులను పరిశీలించిన ఆ గ్రంథంలో కర్నూలు లక్కపనికి ప్రశంస దక్కింది. నేడు ఆ జిల్లాల విద్యార్థులలో ఎందరికి ఈ సంగతి తెలుసు?

ఇటువంటి ఉబ్బెత్తు పని ఈ సీమకే పరిమితం కాదు. రాజస్థాన్‌లోని బికనీరులో ఇది బంగారు రంగులతో మెరుస్తుంది. తంజావూరు చిత్రాలలో దేవతల కిరీటాలూ ఆభరణాలూ పటం మీద నుంచి లేచినట్లు కనిపించడానికి కారణం సుద్దపొడి, జిగురు కలిపిన ముద్దయే. ఆ చిత్రకళను పెంపొందించిన కుటుంబాలలో తెలుగు మాట్లాడే రాజులు ఉండటం గమనార్హం. కొండపల్లి బొమ్మలవారు తెల్లపొణికి కొయ్యతో చేసిన అవయవాలను అతకడానికీ, వాటి మీద తీరుతీయడానికీ చింతగింజల పొడి, రంపపు పొట్టు కలిపిన 'మక్కు'ను వాడుతారు. చింత, తుమ్మ రాయలసీమలో విరివిగా పెరిగే చెట్లు. ఒకటి గింజలో జిగురును దాచుకొంటుంది, మరొకటి బెరడు నుంచి కార్చుతుంది. కరవు నేల కూడా కళాకారునికి కావలసిన ముడిసరుకును నిరాకరించలేదు.

ఇంట్లో ఈ పని చేయదలచినవారికి చింతగింజల జిగురు కంటె నేడు దుకాణంలో దొరికే తెల్లని వడ్రంగి జిగురు అనుకూలం. చింతజిగురుకు పురుగు పడుతుంది, బూజు పడుతుంది. మెత్తగా జల్లించిన సుద్దపొడిలో ఆ జిగురును కొద్దికొద్దిగా పోస్తూ, అవసరమైతే నీటిచుక్కలు చిలకరిస్తూ కలపాలి. ముద్ద దోసెపిండి కంటె చిక్కగా, జంతికల పిండి కంటె పలుచగా ఉండాలి. గోరింటాకు పెట్టుకోవడానికి చేసే కాగితపు పొట్లంలో దానిని నింపి, కొన కొద్దిగా కత్తిరించి, ముందుగా పెన్సిలుతో గీసుకొన్న ఆకృతి మీద నెమ్మదిగా నడిపించాలి. తెలుగింటి ఆడపిల్లలకు ఈ పని కొత్త కాదు. వాకిట్లో పిండితో గీతను తెంపకుండా లాగే వేళ్ళు ఇక్కడ పొట్లాన్ని నొక్కుతాయి, అంతే భేదం. ఇటీవల మగపిల్లలు కూడా ఇటువంటి పనులలో ఆసక్తి చూపడం సంతోషదాయకం.

ఒకేసారి లావుగా పోయాలనే అత్యుత్సాహం పనికిరాదు. పైపొర ఆరి లోపలి పొర పచ్చిగా ఉంటే గీత పగులుతుంది. కడప ఎండలో ఆరబెడితే మరీ త్వరగా పగులుతుంది. సన్నగా ఒక వరుస పోసి, నీడలో ఆరనిచ్చి, దాని మీద మరొక వరుస పోయాలి. ఒకటి రెండు రోజులు పూర్తిగా ఆరిన తరువాత గరుకు కాగితంతో తేలికగా రుద్దితే అంచులు మెత్తబడతాయి. ముద్ద పట్టాలంటే అడుగు నేల కూడా గరుకుగా ఉండాలి. నిగనిగలాడే పాత ఎనామిల్ రంగు మీద గీసిన గీత నెల తిరగకుండా పెంకులుగా ఊడిపోతుంది.

ఏ ఆకృతిని గీయాలి? కేటలాగు పుస్తకాలలోని పూలకుండీలనూ నెమళ్ళనూ అనుకరించనక్కరలేదు. చుక్కల ముగ్గు ఉన్నది. ఏడు చుక్కలతో మొదలై నాలుగింటితో ముగిసే ముగ్గును పై గడిలో అమర్చితే మధ్యభాగం నిండుగా ఉండి అంచులలో గాలి ఆడినట్లుంటుంది. ఇంతకంటె ఘనమైనది కావాలంటే లేపాక్షికి వెళ్ళాలి. పదహారవ శతాబ్దంలో, విజయనగర రాజుల కాలంలో రూపొందిన వీరభద్రాలయ మండపాల స్తంభాల మీద రకరకాల లతలు, వలయాలు, చతురస్రాలు చెక్కి ఉన్నాయి. వాటిని చూసి నేతగాళ్ళు చీర అంచులకు ఎత్తుకొన్నారు. రాతి నుంచి బట్టకు వెళ్ళిన ఆకృతి కొయ్యకు రావడానికి అడ్డేమున్నది? అయితే స్తంభం మీద నూరు ఆకృతులు ఉన్నాయని తలుపు మీదికి నూరూ తేకూడదు. ఒక తలుపుకు ఒకటే చాలు. నాలుగు అలమరలు ఉంటే నాలుగింటికీ అదే ఆకృతిని పెట్టడం ఇంకా మంచిది. గది అంతటికీ ఒక కట్టుబాటు ఏర్పడుతుంది.

రంగు విషయంలో ఒక మాట. నేడు సాదా తలుపుకు టేకు గీతలు అచ్చువేసిన కాగితాన్ని అంటించడం పరిపాటి అయింది. తలుపు టేకు కాదన్న సంగతి ఇంటికి వచ్చిన బంధువులకు మొదటి చూపులోనే తెలుస్తుంది. అంచు లేచిన రోజున ఇంటివారికి కూడా తెలుస్తుంది. ఉన్నదానిని లేనిదిగా చూపించే ఆ కాగితం కంటె, పూర్తిగా ఒకే రంగు పూసిన ప్లైవుడ్ ఎంతో మర్యాదగా ఉంటుంది. ఆ రంగు కోసం దూరం వెళ్ళవలసిన పనిలేదు. అరుగులకు పూసే కెమ్మన్ను ఎరుపు, గోడల సున్నపు తెలుపు, గడప పసుపు, కడప బండ నలుపు ఈ సీమ ఇంటి రంగులు. కెమ్మన్ను రంగు తలుపు తెరిచినప్పుడు లోపల నల్లని రాతి అరలు కనిపిస్తే ఆ రెండు రంగుల పొత్తు వేరొక అలంకారాన్ని కోరదు. ఉబ్బెత్తు గీతలకు వేరే రంగు వేయాలనే కోరికను కూడా అణచుకోవడం మంచిది. తలుపూ గీతా ఒకే రంగులో ఉంటే కిటికీ నుంచి వచ్చే వెలుతురు ఉదయం ఒక విధంగా, సాయంకాలం ఒక విధంగా ఆ గీత మీద నీడలు వేస్తుంది.

పాత తలుపును బాగుచేసేవారు జాగ్రత్త వహించవలసిన అంశం ఒకటి ఉన్నది. ఇంటి రంగులలో సీసపు పాళ్ళను పరిమితం చేసే నిబంధనలను భారత ప్రభుత్వం 2016లో వెలువరించింది. 2017 నవంబరు నుంచి పది లక్షల పాళ్ళలో 90 పాళ్ళకు మించి సీసం ఉండరాదన్నది నియమం. అంతకు ముందు వేసిన రంగులో సీసం ఎక్కువగా ఉండే అవకాశం ఉన్నది. అటువంటి తలుపును పొడిగా రుద్దితే ధూళి పిల్లల ఊపిరిలోకి చేరుతుంది. నీటితో తడిపి, ముక్కుకు గుడ్డ కట్టుకొని, పిల్లలను దూరంగా ఉంచి ఆరుబయట రుద్దాలి. తడి పొడిని ఊడ్చివేయక గుడ్డతో తుడిచి తీసివేయాలి.

రంగు వేయడానికి ముందు సందులను లప్పంతో నింపి, ప్రైమరు ఒక పూత వేసి, ఆ తరువాత రంగు పలుచగా రెండు పూతలు వేయాలి. ఇక్కడే చాలామంది పొదుపు పేరుతో పొరపాటు చేస్తారు. కనిపించే ముందువైపు రెండు పూతలు వేసి, అలమర లోపలికి తిరిగే వెనుకవైపును వట్టిగా వదిలివేస్తారు. ముందువైపు తేమను పీల్చదు, వెనుకవైపు పీలుస్తుంది. రెండు వైపులా ఒకే తీరుగా కదలని పలక విల్లులా వంగుతుంది. మరుసటి వానకాలానికి తలుపు పై మూల చట్రానికి ఆనదు, గడియ పడదు. వెనుకవైపు కూడా అదే రంగు, అన్నే పూతలు వేయాలి. ప్లైవుడ్ నాలుగు అంచులూ స్పంజి వలె నీటిని తాగుతాయి కనుక వాటికి ముందుగా జిగురు నీటి పూత, తరువాత రంగు తప్పనిసరి. ఎవరికీ కనబడని ఈ పూత కోసం మరొక చిన్న డబ్బా రంగు కొనవలసి రావచ్చు. మానుకోవలసిన ఖర్చు ఇది కాదు.

ఏ ఖర్చు మానుకోవచ్చో, ఏది మానుకోకూడదో తెలియడమే గృహాలంకరణలో సగం విద్య. సుద్దపొడి, జిగురు, 14 అడుగుల పట్టీ, కొద్దిపాటి రంగు - వీటన్నింటి వెల చెక్కడపు పని ఉన్న టేకు తలుపు వెలలో అతి స్వల్ప భాగం. కాని బందులు, పిడి, గడియ వంటి లోహపు సామగ్రిలో చౌకకు పోతే ఆ తలుపు ఆరు నెలలకే కిందికి జారి గచ్చును గీస్తుంది. రోజుకు పదిసార్లు చేయి పడేది పిడి మీదనే. అది చేతికి నిండుగా తగలాలి. పాత సామాను అంగళ్ళలో వెతికితే పడగొట్టిన ఇళ్ళ నుంచి వచ్చిన ఇత్తడి పిడులు, గొళ్ళాలు, పువ్వు మేకులు తూకం లెక్కన దొరుకుతాయి. చింతపండుతో తోమితే వాటి పసిమి బయటపడుతుంది. అదే చింతపండు చేతులతో కడప బండను మాత్రం ముట్టుకోరాదు. సున్నపురాయి కనుక పులుపు తగిలిన చోట నిగారింపు పోయి తెల్లని మచ్చ మిగులుతుంది.

చివరకు తలుపును బిగించేటప్పుడు చుట్టూ ఎంత సందు వదలాలన్నది మిగిలిన ప్రశ్న. ప్లైవుడ్ తలుపైతే పోస్టుకార్డు అడ్డం లేకుండా జారేటంత సందు చాలు. వేపకొయ్య పలకలతో చేసినదైతే ఏ నెలలో బిగిస్తున్నారో చూసుకోవాలి. మే నెలలో కొయ్య బాగా ఎండి కుంచించి ఉంటుంది కనుక కొంచెం ఎక్కువ సందు వదలాలి. అక్టోబరు ముసురులో బిగిస్తే తక్కువ వదిలినా ఫరవాలేదు. అది ఎండకాలానికి తానే వదులవుతుంది. పిడిని ఇంట్లోని పిల్లలకు కూడా అందే ఎత్తులో, రెక్క అంచు నుంచి ఒకటిన్నర అంగుళం లోపలికి, రెండు గడుల నడుమ విడిచిన 3 అంగుళాల అడ్డపట్టీ మీద బిగిస్తారు. పాత చీర తెరను అప్పుడు విప్పి, ఉతికి, తలుపు తుడిచే గుడ్డగా పెట్టుకొంటారు.

పదాలు - అర్థాలు

లోకోక్తి : సామెత
జనశ్రుతి : ప్రజలలో చెప్పుకొనే మాట
భోషాణం : విలువైన వస్తువులు దాచే పెద్ద కొయ్యపెట్టె
కమ్మె : చట్రంలోని మందమైన కొయ్యపట్టీ
తాపడం : రేకును పైన అమర్చి బిగించడం
ఉబ్బెత్తు : ఉపరితలం నుంచి పైకి లేచినది
లప్పం : సందులు నింపే ముద్ద
కెమ్మన్ను : ఎర్రమన్ను
బందు : తలుపు తిరగడానికి అమర్చే మడతరేకు
పసిమి : పచ్చని, బంగారు వన్నె

అభ్యాసం

అ) క్రింది ప్రశ్నలకు ఐదు వాక్యాలలో సమాధానాలు వ్రాయండి.
1. పాతకాలపు పలకల తలుపు ఏ అవసరం నుంచి పుట్టింది?
2. కర్నూలు లక్కపనికీ, చెక్కడపు పనికీ గల భేదమేమి?
3. తలుపుకు రెండు వైపులా రంగు వేయకపోతే ఏమవుతుంది? ఎందుచేత?

ఆ) క్రింది ప్రశ్నకు ఇరవై వాక్యాలలో సమాధానం వ్రాయండి.
1. రాయలసీమ నేల, వాతావరణం అక్కడి గోడ అలమర రూపాన్ని ఏ విధంగా నిర్ణయించాయో పాఠం ఆధారంగా వివరించండి.

ఇ) క్రింది పదాలను విడదీసి సంధులు పేర్కొనండి.
గృహాలంకరణ, అత్యుత్సాహం, లోకోక్తి

ఈ) మీ ఇంటిలోగాని, మీ ఊరిలోగాని ఉన్న ఒక పాత తలుపును పరిశీలించి, దాని కొలతలను, కొయ్యను, గడియను, దాని మీది ఆకృతులను వర్ణిస్తూ ఒక పుటకు మించకుండా వ్రాయండి.